చెవికి అందిన తెలుగు, కంటికి అందని తెలుగు

(గుడియాత్తంలో జరిగిన సరిహద్దు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి సాంకేతిక, వ్యాపార, వినోద రంగాలలో సరిహద్దు తెలుగువారి స్థానమేమిటో చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను ఆదేశించారు. న్యాయవాదిని పిలిచి సినిమాల గురించి, ఫోన్ల గురించి మాట్లాడమనడమేమిటని మొదట నవ్వుకున్నాను. పిమ్మట నా కార్యాలయానికి వచ్చిన ఒక కాగితం గుర్తుకు వచ్చి అంగీకరించాను. ఆ కాగితంతోనే ఆరంభిస్తాను. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తించకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను.

ఈ ప్రాంతపు ఒక నేత కుటుంబం. ఇంటి పెద్ద కన్నుమూసి చాలా కాలమయింది. ఆయన తన చేతిరాతతో తెలుగులో రాసి పెట్టిన నాలుగు పుటల ఏర్పాటు పత్రం పెట్టె అడుగున దొరికింది. ఇల్లు, మగ్గాల గది, బావి నీటిపై హక్కు ఎవరెవరికి ఎట్లా చెందవలెనో అందులో ఉన్నది. ముగ్గురు మనుమలు దానిని నా వద్దకు తెచ్చారు. ముగ్గురూ చదువుకున్నవారే, ఒకరు ఇంజనీరు కూడా. ఇంట్లో ముగ్గురూ తెలుగే మాట్లాడతారు. కాని నాలుగు పుటలలో ఒక్క వాక్యం చదవగలిగినవారు ఆ ముగ్గురిలో లేరు. ఫోను కెమెరాతో చదివించే ప్రయత్నం అప్పటికే చేశారట. అచ్చు అక్షరమైతే అది చదివేదేమో. తాతగారి గొలుసుకట్టు రాత ముందు చేతులెత్తేసి, అర్థం లేని మాటల వరుసనొకదానిని వారికి అప్పగించింది.

వారితోపాటు వారి మేనత్త కూడా వచ్చింది. అరవై దాటిన మనిషి, బడి ముఖం చూడనిది. నేను కాగితాన్ని బిగ్గరగా చదువుతూ వచ్చాను. మూడవ పుటలో తూర్పు గది, బావిలో నాలుగవ వంతు కూతురికి రాసి ఉన్నది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆమె మాత్రం, "మా నాయన మాటే ఇది, ఆయన ఇట్లే అనేవాడు" అన్నది. ఆమె వేలూరులో అద్దె ఇంట్లో కాలం గడుపుతున్నది. ఆ కాగితానికి చట్టం ముందు ఎంత బలమున్నదన్నది వేరే చర్చ, అది ఇంకా తేలలేదు. నన్ను కలచివేసింది మరొకటి. చదువు రాని ఆమెకు ఆ తెలుగు ఒక్కసారి వినగానే అర్థమయింది. చదువు వచ్చిన మనుమల చేతుల్లో అది ఇన్నాళ్లూ మూగకాగితంగా ఉండిపోయింది.

వెళ్లేటప్పుడు ఆ ముగ్గురిలో చిన్నవాడు మెట్ల మీద నిలబడి ఫోనులో తెలుగు సినిమా పాట పెట్టుకున్నాడు. ఆ పాట పెట్టుకున్నందుకు నేనతనిని తప్పు పట్టను. ఆ పాట అతని వద్దకు ఎట్లా వచ్చింది, ఆ అక్షరం ఎందుకు రాలేదు అన్నదే ఈనాటి నా ప్రసంగం.

ఒకప్పుడు తెలుగు సినిమా మనకు పొరుగింటి వ్యవహారం. వడపళనిలోని విజయా వాహినీ స్టూడియోలలో తెలుగు, తమిళ చిత్రాలు పక్కపక్కనే తయారయ్యేవి. 1957లో 'మాయాబజార్' రెండు భాషలలోనూ వచ్చింది. తరువాత పరిశ్రమ అంచెలంచెలుగా హైదరాబాదుకు తరలిపోయింది. ఉత్తరార్కాడు తెలుగువారు దానికి దూరపు బంధువులయ్యారు. నేడు అదే పరిశ్రమ ప్రపంచమంతటా వ్యాపారం చేస్తున్నది. 2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కారు వచ్చింది. అదే సంవత్సరం ప్రకటించిన జాతీయ పురస్కారాలలో ఉత్తమ నటుని గౌరవం తొలిసారిగా ఒక తెలుగు నటునికి, అల్లు అర్జున్‌కు, 'పుష్ప' చిత్రానికి లభించింది.

ఆ 'పుష్ప' దగ్గర కొంచెం ఆగవలె. 2021 డిసెంబరులో విడుదలైన ఆ చిత్రం శేషాచలం అడవుల కథ. అందులో కథానాయకుడు మాట్లాడేది చిత్తూరు యాస. పరదరామి దాటితే వినిపించే యాస అది. పరదరామి దాటకముందు కూడా వినిపిస్తుంది, ఎందుకంటే 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు దాని తాలూకాలలో పెక్కు మన ఉత్తరార్కాడు నుండి వెళ్లినవే. గీత గీచినంత మాత్రాన నాలుక మారదు కదా. ఆ యాసను ఏళ్ల తరబడి మన సినిమాలలో హాస్యానికి, దుర్మార్గునికి మాత్రమే కేటాయించారు. ఇప్పుడు దానికి పట్టాభిషేకం జరిగింది. జరిగింది కాని, ఆ చిత్రం ఐదు భాషలలో విడుదలైనప్పుడు మన రాష్ట్రానికి కేటాయించిన రూపం తమిళం. మా వీథిలోని పిల్లలు దానిని థియేటరులో తమిళంలో చూసి వచ్చారు. మూడు వారాల తరువాత, 2022 జనవరి 7న, అది అమెజాన్ ప్రైములోకి వచ్చింది. అక్కడ వినవలసిన భాషను ప్రేక్షకుడే ఎంచుకోవచ్చు. మా ఎదురింటి పెద్దావిడ మనుమరాలి చేత తెలుగు పెట్టించుకుని, "ఇది మా పుట్టింటి మాట గదమ్మా!" అని ఆశ్చర్యపోయింది.

ఈ చిన్న ఉదంతంలో వ్యాపారపు నీతి అంతా ఉన్నది. థియేటరు మన చిరునామాను చూసి భాషను నిర్ణయించింది. ఫోను మన కోరికను అడిగి భాషను ఇచ్చింది. అడిగింది ప్రేమతో కాదు. ఒకే సరుకును నాలుగు భాషలలో అమ్ముకోవడానికి దానికి అదనపు ఖర్చు స్వల్పం గనుక. 2020లో తెలుగువారి కోసం మొదలైన 'ఆహా' సంస్థ 2022లో తమిళంలోకి కూడా విస్తరించడం ఇట్టి లెక్క మీదనే. వ్యాపారికి రాష్ట్రపు హద్దు పట్టదు, చందా కట్టే చేయి పడుతుంది. వేలూరులో ఆసుపత్రి వీథిలోని లాడ్జీల బోర్డులు చూడండి. చికిత్సకు వచ్చే ఆంధ్ర రోగి కోసం తెలుగు, వంగదేశపు రోగి కోసం బెంగాలీ. నాలుగు రోజులుండి పోయే అతిథికి అక్కడ అక్షరం దొరుకుతుంది. తరతరాలుగా ఇక్కడే ఉన్నవానికి దొరకదు. వాడు ఎట్లాగూ తమిళం చదువుతాడు గనుక బోర్డు రాయించే ఖర్చు వృథా అని వ్యాపారికి తెలుసు.

టెలివిజన్ విషయంలో మనం మరొక పాఠం నేర్చుకున్నాము, నష్టపోయి నేర్చుకున్నాము. కేబుల్ తీగ వచ్చిన కొత్తలో ఒక్క తీగలోనే జెమిని, ఈటీవీ అన్నీ వచ్చేవి. 2019 ఫిబ్రవరి నుండి టెలికాం నియంత్రణ సంస్థ కొత్త విధానం అమలైంది. అప్పట్లో మొదటి 100 ఛానళ్లకు 130 రూపాయల మూల రుసుము ఉండేది; ఆపైన డబ్బు కట్టవలసిన ఛానలును వినియోగదారుడే పేరు పెట్టి ఎంచుకోవలె. చట్టప్రకారం ఇది మనకు హక్కు. ఏ రాష్ట్రంలో ఉన్నా ఏ భాష ఛానలునైనా విడిగా కోరవచ్చు. మా వీథిలో జరిగిందేమిటి? కేబుల్ కుర్రవాడు వచ్చి తమిళ కట్ట ఒకటి చూపించి "ఇదే పెట్టేస్తాను సార్" అన్నాడు. అందరూ తల ఊపారు. మరునాడు తెలుగు రాలేదు. కొందరు అడిగి పెట్టించుకున్నారు, ఎక్కువమంది అడగలేదు. హక్కు కాగితం మీద ఉన్నది, నోరు తెరవనందువల్ల పోయింది. ఆ కుర్రవానిది ద్వేషం కాదు, తొందర.

ఇక ఫోను సంగతి. యంత్రాలలో తెలుగు అక్షరానికి చోటు లేదని మనం చాలాకాలం వాపోయాము. ఆ లోటు ఇప్పుడు లేదు. ప్రపంచ లిపులన్నింటికీ సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం దక్కింది. 2017 ఆగస్టులో గూగుల్ మరి కొన్ని భారతీయ భాషలతో కలిపి తెలుగుకు కూడా మాటను విని అక్షరంగా మార్చే సౌకర్యం కల్పించింది. 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం కూడా జరిగింది. 'జ్ఞా' అన్న అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో పంపితే ఆపిల్ ఫోన్లలోని సందేశాల అనువర్తనాలు కుప్పకూలిపోయేవి. కొద్ది రోజులలోనే ఆ సంస్థ దానిని సరిదిద్దింది. జ్ఞానమనే మాటలోని మొదటి అక్షరానికి అంత బలమున్నదని మన బడిపంతుళ్లు ఎన్నడూ చెప్పలేదు!

చోటు ఉన్నది, అక్షరం ఉన్నది, పలికితే రాసే యంత్రం కూడా ఉన్నది. అయితే మన ఇళ్లలో జరుగుతున్నదేమిటి? పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలలో రాసుకుంటున్నారు, లేదా గొంతు రికార్డు చేసి పంపుతున్నారు. యంత్రం వారి మాటను తెలుగు అక్షరాలలో రాసి చూపితే అది సరిగా రాసిందో తప్పుగా రాసిందో వారికి తెలియదు. సినిమాలో వినవలసిన భాష ఏదని అడిగితే తెలుగు అంటారు. కింద అక్షరాలు ఏ భాషలో కావాలని అడిగితే ఇంగ్లీషు నొక్కుతారు. ఒకే తెరపై ఒకే మనిషి చెవి ఒక భాషలోను, కన్ను ఒక భాషలోను బ్రతుకుతున్నాయి. సినిమా పరిశ్రమ ఆ చెవిని కాపాడింది, కృతజ్ఞులము. కంటిని కాపాడడం దాని పని కాదు, దానికి అందులో లాభమూ లేదు.

మాట్లాడే యంత్రాల విషయం కూడా చెప్పవలె, ఎందుకంటే రేపు బ్యాంకు, ఆసుపత్రి, ప్రభుత్వ కార్యాలయం అన్నీ వాటి ద్వారానే మనతో మాట్లాడబోతున్నాయి. యంత్రం భాషను వ్యాకరణం చదివి నేర్చుకోదు. వేలాది మనుషుల గొంతులను, కోట్లాది వాక్యాలను మేసి నేర్చుకుంటుంది. ఎవరి గొంతు అందులో ఉంటే వారి తెలుగు దానికి తెలుస్తుంది. నేనొకసారి పరీక్షించాను. "త్వరగా రా" అంటే వెంటనే రాసింది. "బిరీన రా" అంటే ఏదో ఊరి పేరనుకున్నది. "యాడికి పోతా ఉండావు" అన్నదానికి అది రాసినది ఈ సభలో చదవదగినది కాదు.

ఈ గొంతులను సేకరించే పనులు మన దేశంలో పెద్దయెత్తున జరుగుతున్నాయి. ఐఐటీ మద్రాసులోని 'ఏఐ ఫర్ భారత్' బృందం 2024లో ప్రకటించిన 'ఇండిక్ వాయిసెస్' సేకరణలో 22 భాషలు, 145 జిల్లాలు, 16,237 మంది గొంతులు, 7,348 గంటల మాటలు ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ గూగుల్ సహకారంతో 'వాణి' అనే మరొక పథకం చేపట్టింది. ఇందులో ఒక మెలిక ఉన్నది, న్యాయవాదిగా నాకు అది ఎంతో నచ్చింది. వారు ఫలానా రాష్ట్రంలో ఫలానా భాష అని ముందే నిర్ణయించుకోరు. జిల్లాను ప్రాతిపదికగా తీసుకుని, మనిషికి ఒక చిత్రాన్ని చూపి, "మీ మాటల్లో చెప్పండి" అంటారు. అతడు ఏ భాషలో చెబితే అది ఆ జిల్లా భాషలలో ఒకటి. 1956 నుండి మనం ప్రభుత్వాలను అడుగుతున్నదీ ఇదే: రాష్ట్రం పేరు చూసి కాక, ఆ తాలూకాలో నివసించే మనిషిని అడిగి లెక్క వేయండి అని. శాస్త్రజ్ఞులకు అవసరం కొద్దీ తోచిన ఈ న్యాయం పాలకులకు తోచలేదు. మన ప్రాంతానికి అట్టివారు వచ్చినప్పుడు సిగ్గుపడి 'పుస్తకాల తెలుగు' మాట్లాడకండి. బిరీన అనే అనండి. అయితే గొంతు ఇచ్చే ముందు అంగీకార పత్రం చదవండి, దానిని దేనికి వాడతారో, ప్రతిఫలమెంతో అడగండి.

ఇప్పుడు బడి. వినోదరంగం ఇవ్వలేని అక్షరాన్ని ఇవ్వవలసినది అదే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఆ సంవత్సరం ఒకటవ తరగతితో మొదలై 2015–16 నాటికి పదవ తరగతికి చేరింది. తమిళం మొదటి భాగం, ఇంగ్లీషు రెండవది, ఇతర విషయాలు మూడవది, మన మాతృభాష నాలుగవది, అదీ ఐచ్ఛికం. పదవ తరగతి తమిళ పరీక్ష నుండి మన పిల్లలకు మినహాయింపుల కోసం మద్రాసు హైకోర్టు మెట్లు, 2023లో సుప్రీంకోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది. ఆ పోరాటం అవసరమైనదే. కాని ఒక మాట నిర్మొహమాటంగా చెబుతాను, కొందరికి నచ్చకపోవచ్చు. మినహాయింపు అన్నది ఊపిరి పీల్చుకునే వ్యవధి, అంతే. మహారాష్ట్రలో మరాఠీని తప్పనిసరి చేయడాన్ని ఉషా మెహతా వ్యాజ్యంలో 2004లో సుప్రీంకోర్టు సమర్థించింది. కనుక తమిళం వద్దనే వాదం న్యాయస్థానంలో నిలవదు. నిలవవలసిన అవసరమూ లేదు. తమిళం మన అంగడి భాష, మన స్నేహితుల భాష, మన పిల్లల ఉద్యోగ భాష. మన వాదం తెలుగు కావాలన్నది. దానికి ఆధారం రాజ్యాంగంలోని 350ఎ అధికరణం: భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా యత్నించవలె. ఒక బడిలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది పిల్లలు కోరితే ఉపాధ్యాయుని నియమించాలన్న సూత్రం 1949 నాటి విద్యామంత్రుల సమావేశం నుండి ఉన్నది. పది సంతకాలు. సినిమా తొలిరోజు టిక్కెట్టుకు మనం అంతకంటె పొడవైన వరుసలో నిలబడతాము.

ఆ పదిమంది ఉన్నారని ఋజువు ఎక్కడ? జనగణనలో. 2011 లెక్కల ప్రకారం తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు, జనాభాలో 5.87 శాతం. తరువాతి లెక్క 2021లో జరగలేదు. 2025 జూన్‌లో వెలువడిన ప్రకటన ప్రకారం తదుపరి జనగణనకు 2027 మార్చి 1 ప్రమాణ తేదీ. ఇది కాగితం లేని తొలి జనగణన; లెక్కించేవారు ఫోను అనువర్తనంలో నమోదు చేస్తారు, మన వివరాలు మనమే నింపుకునే సౌకర్యం కూడా ఉంటుందని ప్రకటించారు. కేబుల్ కుర్రవాడు గుర్తున్నాడా? ఇక్కడ కూడా అతని వంటి తొందర మనిషి మన గుమ్మం ముందు నిలబడి, "తమిళమే కదా సార్" అని వేలు తెరమీద పెట్టవచ్చు. ఈసారి తల ఊపితే మళ్లీ ఎన్నో ఏళ్ల వరకు సరిదిద్దుకునే వీలుండదు.

మాతృభాష అంటే చిన్ననాట తల్లి మనతో మాట్లాడిన భాష అని జనగణన నిర్వచనం. మనం బజారులో ఏ భాష మాట్లాడతాము, ఏ భాషలో చదివాము అన్నది దానికి సంబంధం లేదు. ఇంట్లో ఒక్కొక్కరికి విడివిడిగా నమోదు చేయించండి. కోడలిది తమిళమైతే తమిళమనే రాయించండి, అబద్ధం మనకు అక్కర లేదు. వచ్చిన ఇతర భాషలు చెప్పేచోట తమిళాన్ని గర్వంగా చెప్పండి. మరొక ప్రమాదమున్నది. ఈసారి అందరి కులాలనూ నమోదు చేస్తామన్నారు. 1931 తరువాత ఇదే మొదటిసారి. మన కులం పేరు వింటే ఎవరికైనా తెలుగువారని తెలుస్తుంది కదా అని కొందరు మాతృభాష గడిని తేలికగా తీసుకుంటారేమోనని నా భయం. కులం గడి వేరు, భాష గడి వేరు. కులం గడిని చూసి తెలుగు ఉపాధ్యాయుణ్ణి ఎవరూ నియమించరు. ఒక పురపాలక సంఘంలోగాని తాలూకాలోగాని 15 శాతం ఉంటే ప్రభుత్వ ప్రకటనలు, నియమాలు ఆ భాషలో కూడా వెలువరించాలని కేంద్రం అంగీకరించిన రక్షణలలో ఉన్నది. ఆ 15 శాతాన్ని లెక్కించేది భాష గడి నుండే.

ఆ మేనత్త సంగతి మీలో కొందరు అడగాలని చూస్తున్నారు. మొన్న మళ్లీ వచ్చింది. పెద్ద మనుమని కూతురు, నాలుగవ తరగతి పిల్ల, వెంట ఉన్నది. ఆ పిల్లకు ఇంట్లో ఎవరో ఓనమాలు మొదలుపెట్టారట. కాగితం నకలు తీసి బల్లమీద పెడితే తాతగారి సంతకంలోని మొదటి రెండు అక్షరాలు కూడబలుక్కుని, మూడవదాని దగ్గర ఆగిపోయింది. అది సంయుక్తాక్షరం.

విజ్ఞాపన పత్రాల నకళ్లు ద్వారం పక్క బల్లపై ఉన్నాయి. ఏ బడిలో, ఏ తరగతిలో మీ పిల్లలు చదువుతున్నారో స్పష్టంగా రాయండి. తరగతికి పదిమంది తేలిన బడుల జాబితాను ముందుగా సమర్పిస్తాము. తెలుగులో సంతకం చేయగలవారు తెలుగులో చేయండి. రానివారు తమిళంలో చేయండి, చెల్లుతుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.